వైశాలి నగర్‌లో ఒక వనం: జనక్షేమానికి ఉద్యాన రచన

వైశాలి అన్న పేరు వినగానే చరిత్ర చదివిన వారికి లిచ్ఛవుల గణరాజ్యం జ్ఞప్తికి వస్తుంది. ఆమ్రపాలి తన మామిడితోటను బుద్ధునికి, భిక్షుసంఘానికి దానం చేసినట్లు బౌద్ధ సంప్రదాయం చెబుతున్నది. తన సొత్తయిన నీడను ఆమె పదిమంది సొత్తుగా చేసినది. అశోక చక్రవర్తి కూడా బాటల వెంట మర్రిచెట్లు నాటించి, మామిడితోటలు వేయించి, బావులు త్రవ్వించినట్లు తన స్తంభశాసనంలో చెప్పుకొన్నాడు. కోటను, విజయాన్ని చెప్పుకొన్నట్లే ఒక పాలకుడు నీడను కూడా చెప్పుకొనదగిన కార్యంగా భావించాడన్నది ఈ దేశ సంస్కృతిలో గమనింపదగిన విషయం.

అదే పేరు గల వైశాలి నగర్ ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని భిలాయి నగరంలో ఒక నివాస ప్రాంతం. ఇట్టి ప్రాంతంలో ప్రజల ఆరోగ్యానికి, మనశ్శాంతికి, పరస్పర పరిచయానికి తోడ్పడే ప్రకృతి వనాన్ని ఎట్లు రూపొందింపవచ్చును? ఏ చెట్లు నాటవలెను? నీటిని ఎట్లు నిలుపుకోవలెను? ఎవరి అవసరాలను ముందుగా లెక్కలోకి తీసుకోవలెను? ఈ ప్రశ్నలను విద్యార్థులకు ఉపయోగపడే విధంగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇందులోని 3 ఎకరాల నమూనా స్థలం పాఠం కొరకు ఊహించుకొన్నది. నేల, వాన, ఎండ, జనజీవనం మాత్రం భిలాయివే.

ఉక్కు పట్టణం, దాని వెలుపలి పట్టణం

1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం ఫలితంగా భిలాయి ఉక్కు కర్మాగారం వెలసినది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించారు. అంతకు పూర్వం అక్కడ ఉన్నవి వరిపొలాలు, చెరువులు, చిన్న గ్రామాలు. కర్మాగారంతో పాటు ఉద్యోగుల కొరకు సెక్టార్లుగా విభజించిన పట్టణం నిర్మాణమైనది. వెడల్పైన వీధులు, వీధికి ఇరువైపులా చెట్లు, సెక్టారుకొక బడి, అంగడి, ఆటస్థలం ఆ ప్రణాళికలో భాగం. 1972లో ఇరుదేశాల మైత్రికి చిహ్నంగా కర్మాగారం వారు మైత్రీబాగ్ అనే ఉద్యానాన్ని, జంతుప్రదర్శనశాలను నెలకొల్పారు.

అయితే ఒక కర్మాగారం చుట్టూ పెరిగే పట్టణం ప్రణాళిక గీసిన గీతల లోపలనే ఆగదు. చిన్న పరిశ్రమలలో పనిచేసేవారు, వ్యాపారులు, ఉపాధ్యాయులు, పదవీ విరమణ చేసినవారు సెక్టార్ల వెలుపల ఇళ్లు కట్టుకొన్నారు. గ్రేట్ ఈస్టర్న్ రోడ్డుకు ఉత్తరాన విస్తరించిన వైశాలి నగర్ అట్టి ప్రాంతాలలో ఒకటి. సెక్టార్లలో నీడ ముందు వచ్చి ఇల్లు తరువాత నిండినది. వెలుపలి కాలనీలలో ఇల్లు ముందు వచ్చినది. నీడ కొరకు తరువాత వెదకవలసి వచ్చినది.

ఈ భేదం అందరికంటె ఎక్కువగా తెలిసేది పదవీ విరమణ చేసిన కార్మికునికి. ముప్పది సంవత్సరాలు కొలిమి ముందు పనిచేసిన వ్యక్తి కంపెనీ క్వార్టరును వదలి, దాచుకొన్న సొమ్ముతో చిన్న స్థలంలో ఇల్లు కట్టుకొంటాడు. సెక్టారులో ఇంటి ముందున్న వేపచెట్టు, సాయంకాలం నలుగురు కూర్చునే అరుగు ఆయన వెంట రావు. కుమారులు వేరే ఊళ్లలో ఉద్యోగాలలో ఉంటే ఆయన దినమంతా నాలుగు గోడల మధ్య గడపవలసి వస్తుంది. ఈ వ్యాసంలో చర్చించే వనం మొదట ఆయన కొరకు, ఆయన భార్య కొరకు, ఇరుకు వీధిలో ఆడుకొంటున్న పొరుగింటి పిల్లల కొరకు.

పచ్చదనం ఎట్లు పనిచేస్తుంది?

చెట్టు మేలు చేస్తుందని అందరూ అంటారు. ఎట్లు చేస్తుందో తెలిసినప్పుడే ఎక్కడ, ఏది నాటవలెనో నిర్ణయింపవచ్చును.

మొదటిది ఉష్ణం. భిలాయిలో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ వరకు పోవడం కద్దు. కాంక్రీటు, తారు పగటి ఎండను లోపల దాచుకొని రాత్రి నెమ్మదిగా విడుస్తాయి. అందువలన దట్టంగా కట్టిన ప్రాంతాలలో రాత్రులు చల్లబడవు. చెట్టు రెండు విధాలుగా ఈ వేడిని తగ్గిస్తుంది. తన నీడతో నేలను ఎండనుండి కాపాడుతుంది. ఆకుల ద్వారా నీటిని ఆవిరిగా విడిచి గాలిలోని వేడిని గ్రహిస్తుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 24 లక్షల జౌళ్ల శక్తి అవసరం. ఆ శక్తి చుట్టుపక్కల గాలినుండి, ఎండనుండి లభిస్తుంది.

రెండవది మనస్సు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఒక ఆసుపత్రిలో 1972 నుండి 1981 వరకు పిత్తాశయ శస్త్రచికిత్స చేయించుకొన్న రోగుల వివరాలను రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు పరిశీలించి 1984లో ప్రకటించాడు. 23 మందికి గది కిటికీనుండి చెట్లు కనిపించేవి. వారితో సరిపోల్చిన మరి 23 మందికి ఇటుక గోడ కనిపించేది. చెట్లను చూడగలిగినవారు కొంత త్వరగా ఇంటికి వెళ్లారు. వారికి తీవ్రమైన నొప్పిమందులు తక్కువగా అవసరమైనవి. 2019లో ఇంగ్లండులో సుమారు 20 వేల మంది వివరాలతో వెలువడిన మరొక అధ్యయనంలో, వారానికి కనీసం 120 నిమిషాలు ప్రకృతిలో గడిపినవారు తమ ఆరోగ్యం, మనస్థితి బాగున్నవని చెప్పే అవకాశం ఎక్కువగా కనిపించినది. ఆరోగ్యంగా ఉన్నవారే ఎక్కువగా బయటకు వెళ్లి ఉండవచ్చును కనుక, ఈ రెండవ అధ్యయనాన్ని కారణానికి పూర్తి నిరూపణగా భావింపరాదు. అయినను ఇట్టి పరిశోధనలు పెక్కు ఒకే దిక్కును చూపుతున్నవి.

మూడవది నడక. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమతో కూడిన వ్యాయామం చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. ఇంటికి సమీపంలో సురక్షితమైన బాట లేనివారికి ఈ సలహా కాగితంమీదనే ఉండిపోతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పారిశ్రామిక పట్టణంలో చెట్ల వరుసలు ధూళిని కొంత పట్టి ఉంచుతాయి. అంతమాత్రాన చెట్టు పొగగొట్టానికి అమర్చవలసిన వడపోత పరికరానికి బదులు కాజాలదు. కాలుష్యాన్ని పుట్టినచోటనే అరికట్టడం పరిశ్రమ బాధ్యత. వనం పేరు చెప్పి ఆ బాధ్యతనుండి ఎవరూ తప్పించుకొనరాదు.

నేలను చదవడం

వనరచనలో మొదటి పని గుంత త్రవ్వడం కాదు, నేలను చదవడం. ఛత్తీస్‌గఢ్ రైతులు నేలలను నాలుగు పేర్లతో పిలుస్తారు. భాటా అనేది మెట్టమీద ఉండే ఎర్రని గులకనేల. మటాసీ పసుపు వన్నె గల తేలికనేల. డోర్సా నడిరకం. కన్హార్ పల్లంలో ఉండే నల్లని బంకనేల. ఈ నాలుగు రకాలు మెట్టనుండి పల్లానికి వరుసగా కనిపిస్తాయి. భాటాలో నీరు నిలువదు. కన్హార్‌లో వానకాలం నీరు నిలిచి, వేసవిలో నేల బీటలు వారుతుంది. కాలనీలో కొంత స్థలం ఏ నేలకు చెందినదో తెలియనిదే చెట్ల పట్టిక వ్రాయరాదు. ఇళ్లు కట్టినప్పుడు పోసిన ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు పైపొరలో ఉన్నట్లయితే ముందు వాటిని తీసివేయవలెను.

రెండవ పాఠం నీరు. ఈ ప్రాంతంలో ఏడాదికి సుమారు 1,100 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో అధికభాగం జూన్ నుండి సెప్టెంబరు వరకే. మన నమూనా స్థలం 100 మీటర్ల వెడల్పు, 120 మీటర్ల పొడవు. అనగా 12,000 చదరపు మీటర్లు, ఇంచుమించు 3 ఎకరాలు. దీనిమీద పడే వాన ఏడాదికి 13,200 ఘనమీటర్లు, అనగా 1 కోటి 32 లక్షల లీటర్లు. ఇందులో నాలుగవ వంతు మాత్రమే పల్లానికి పారినా 3,300 ఘనమీటర్లు అవుతుంది. వేసవిలో ట్యాంకరు కొరకు ఎదురుచూచే కాలనీ తన నెత్తిన పడే నీటిని కాలువలోకి పంపివేస్తున్నదన్నమాట.

ఛత్తీస్‌గఢ్ చెరువుల సీమ. చిన్న కుంటను ఇక్కడ డబరీ అంటారు. ప్రాచీన పట్టణాలలో "ఛై ఆగర్ ఛై కోరీ" చెరువులు ఉండేవని, అనగా ఆరు ఇరవైలమీద ఆరు, మొత్తం 126 ఉండేవని జనశ్రుతి. కాబట్టి మన వనంలో పల్లపు మూలన ఒక డబరీ ఉండడం అలంకారం కాదు, ఆ నేల అలవాటు. 1,200 చదరపు మీటర్ల వైశాల్యం, సగటున ఒకటిన్నర మీటర్ల లోతు ఉంటే అందులో 1,800 ఘనమీటర్ల నీరు నిలుస్తుంది. పారివచ్చే నీటితో పోలిస్తే ఇది తక్కువే కనుక సామాన్యమైన ఏట కుంట నిండుతుంది. మిగులు నీరు ఇంకుడు గుంతలలోకి పోవలెను. వేసవి ఎండకు నీరు చాలావరకు ఆవిరైపోతుంది. అందువలన ఒక మూల మాత్రం 3 మీటర్ల లోతుంచి చేపలు, కప్పలు బ్రతికే ఆధారం కల్పింపవలెను. గట్టు నిటారుగా కాక వాలుగా ఉండవలెను. లోతైన భాగం చుట్టూ కంచె ఉండవలెను. పిల్లలు వచ్చేచోట నీటి అందం కంటె ప్రాణభద్రత ముఖ్యం.

స్థల విభజన

12,000 చదరపు మీటర్లను ఈ విధంగా పంచుకోవచ్చును. దేశవాళీ చెట్ల తోపుకు 4,200, నీడపట్టు పచ్చికకు 2,400, కుంటకు, దాని గట్టుకు 1,200, పిల్లల ఆటస్థలానికి 1,200, నడకబాటకు 1,000, ఔషధ మొక్కలకు, కూరగాయల మడులకు 600, పదిమంది కూర్చునే రచ్చబండకు 600, మరుగుదొడ్లు, పనిముట్ల గది, ద్వారాలకు 360, నారుమడికి, ఎరువు గుంతలకు 440. పూలకుండీలకు, ఫౌంటెనుకు విడిగా స్థలం కేటాయింపలేదని పాఠకులు గమనింపగలరు. ముందు నీడ, నీరు, నడక, కూర్చునే చోటు అమరవలెను, తక్కినవి తరువాత.

నడకబాట స్థలం అంచునుండి 5 మీటర్లు లోపలగా చుట్టివస్తే దాని పొడవు 400 మీటర్లు. 5 చుట్లు తిరిగితే 2 కిలోమీటర్లు నడిచినట్లు. ఈ లెక్క సులభం కనుక వృద్ధులు తమ నడకను తామే కొలుచుకోగలరు. బాట వెడల్పు రెండున్నర మీటర్లు ఉంటే చక్రాల కుర్చీ, దానికి ఎదురుగా వచ్చే మనిషి ఇబ్బంది లేకుండా తప్పుకోగలరు. గచ్చు రాళ్లకు బదులు ఈ ప్రాంతంలో విరివిగా లభించే మొరమును తడిపి దిమ్మిస చేస్తే మోకాళ్లకు సుఖం, వాననీరు ఇంకడానికి అనుకూలం. ప్రతి 50 మీటర్లకు ఒక బల్ల చొప్పున 8 బల్లలు వేయవలెను. బల్లకు వీపు ఆనుకొనే పలక, చేతులు ఆనించి లేవడానికి పట్టు ఉండవలెను. ఆ రెండూ లేని సిమెంటు దిమ్మెమీద కూర్చున్న వృద్ధుడు ఇంకొకరి సాయం లేనిదే లేవలేడు. ద్వారం వద్ద మెట్లకు బదులు, 12 అడుగుల పొడవుకు 1 అడుగు మించి ఎత్తు పెరగని వాలుబాట ఉండవలెను.

చెట్ల ఎంపిక

తోపుకు కేటాయించిన 4,200 చదరపు మీటర్లలో 5 మీటర్ల ఎడంతో నాటితే 168 చెట్లు పడతాయి. పడమటి ఎండ, వేసవి వడగాలి వచ్చే పడమర, వాయవ్య దిక్కులలో కానుగ, వేప, నేరేడు వంటి దట్టమైన నీడనిచ్చే చెట్లను వరుసగా నాటవలెను. కుంట గట్టున తడిని ఓర్చే తెల్లమద్ది, కదంబం పెరుగుతాయి. మెట్ట భాగంలో మోదుగ, రేల, మారేడు, ఉసిరి, తుమికి, సారపప్పు చెట్లు తగినవి. మర్రి, రావి విశాలంగా పెరిగేవి కనుక ఇళ్ల గోడలకు, కుళాయి గొట్టాలకు దూరంగా ఒక్కొక్కటి చాలు.

ఇప్పచెట్టు ఒక్కటైనా ఉండవలెను. ఛత్తీస్‌గఢ్ గిరిజనులకు అది అన్నదాత. పువ్వు ఆహారం, గింజ నూనె. ఆ చెట్టు లేని వనం ఈ నేల పిల్లలకు తమ సొంత ఇంటిని చూపదు. రాష్ట్ర వృక్షమైన సాలవృక్షాన్ని మన తెలుగు అడవులలో గుగ్గిలమని కూడా పిలుస్తారు. అది నిదానంగా పెరుగుతుంది, మారిన నేలలో సులభంగా నిలువదు. పరీక్షగా రెండు మూడు నాటి చూడవచ్చును.

పక్షులను, సీతాకోకచిలుకలను కొని తేలేము. అవి తినేవాటిని నాటితే అవే వస్తాయి. రావి, మర్రి, మేడి పండ్లకు పక్షులు గుంపులుగా వస్తాయి. మోదుగ పూలకు తేనెపిట్టలు, గోరువంకలు వస్తాయి. నిమ్మ, కరివేపాకు ఆకులమీద నిమ్మజాతి సీతాకోకచిలుక గ్రుడ్లు పెడుతుంది. పనికిరాదని పెరికివేసే జిల్లేడు మరొక సీతాకోకచిలుక గొంగళికి ఆహారం. కనుక ఒక మూలన కొంత నేలను దువ్వి తీర్చకుండా వదలివేయవలెను. వయ్యారిభామను మాత్రం పూతకు రాకముందే వేళ్లతో తీసివేయవలెను. అది చర్మవ్యాధికి, ఉబ్బసానికి కారణం కాగలదు. త్వరగా పచ్చగా కనిపిస్తుందని పెక్కు నగరాలు నాటిన కోనోకార్పస్ అనే విదేశీ మొక్కను ఇకమీదట నాటరాదని గుజరాత్ ప్రభుత్వం 2023లో ఆదేశించినది. వేగం ఒక్కటే చూచి మొక్కను ఎన్నుకోరాదనడానికి ఇది నిదర్శనం.

జపాన్ వృక్షశాస్త్రజ్ఞుడు అకిరా మియావాకి పద్ధతిలో చదరపు మీటరుకు మూడు నాలుగు మొక్కలు నాటి దట్టమైన చిట్టడవిని త్వరగా పెంచవచ్చును. రోడ్డు వైపున ధూళికి అడ్డుగా ఒక పట్టీవరకు ఈ పద్ధతి మంచిది. వనమంతా ఇట్లే పెంచితే లోపల ఎవరున్నారో కానరాదు. స్త్రీలు, పిల్లలు అటు రావడానికి వెనుకాడుతారు. మనిషి కంటి ఎత్తున చూపు సాగేటట్లు చెట్ల క్రింది కొమ్మలను తీర్చి ఉంచడం ఒక్క దీపస్తంభం కంటె ఎక్కువ రక్షణ.

ఇక పచ్చిక. 2,400 చదరపు మీటర్ల పచ్చికను వేసవిలో పచ్చగా నిలపాలంటే రోజుకు 5 మిల్లీమీటర్ల చొప్పున 12,000 లీటర్లు, వారానికి 84,000 లీటర్లు కావలెను. 168 చెట్లకు మొక్కకు 10 లీటర్ల చొప్పున వారానికి రెండుసార్లు పోస్తే వారానికి 3,360 లీటర్లు చాలు. పచ్చిక ఒక్క వారంలో త్రాగే నీటితో మొక్కలను ఇరవై అయిదు వారాలు, అనగా ఒక వేసవి మొత్తం దాటించవచ్చును. మూడు వేసవులు గడిస్తే చాలావరకు చెట్లు తమ నీటిని తామే వెదుకుకొంటాయి. పచ్చిక వేసవిలో ఎండి, తొలకరికి మళ్లీ చిగురిస్తుంది. ఎండుగడ్డిని చూచి వనం పాడైనదని తొందరపడనవసరం లేదు.

నీడలో సమైక్యత

భిలాయికి దేశం నలుమూలలనుండి జనం వచ్చారు. ఛత్తీస్‌గఢీ, హిందీ, బెంగాలీ, ఒడియా, మలయాళం, పంజాబీ మాటలతో పాటు తెలుగు మాట కూడా అక్కడి వీధులలో వినిపిస్తుంది. కర్మాగారంలో ఒకే కొలిమి వద్ద నిలిచిన చేతులు ఇంటికి వచ్చిన తరువాత ఎవరి భాషలోకి వారు, ఎవరి పండుగలోకి వారు వెళ్లిపోవడం సహజం. వీరందరూ ఖర్చు లేకుండా, పిలుపు లేకుండా కలుసుకొనే చోటు వనం.

ఇందుకు ఒక ఉసిరిచెట్టు చాలు. కార్తీకమాసంలో తెలుగు కుటుంబాలు ఉసిరిచెట్టు క్రింద వనభోజనాలు చేస్తాయి. అదే మాసంలో శుక్ల నవమినాడు ఉత్తర, మధ్య భారత కుటుంబాలు ఆంవ్లా నవమి జరుపుకొని ఆ చెట్టు క్రిందనే భుజిస్తాయి. రెండు పేర్లు, రెండు వంటలు, చెట్టు ఒకటే. అదే పక్షంలో బీహారు కుటుంబాలు ఛఠ్ పండుగకు నీటి ఒడ్డును వెదుకుతాయి. శ్రావణ అమావాస్యకు ఛత్తీస్‌గఢ్ పిల్లలు హరేలీ పండుగనాడు గేడీలనబడే వెదురు మరగాళ్లమీద నడుస్తారు. రచ్చబండను అక్కడివారు చౌపాల్ అంటారు. చెట్ల పేర్ల పలకలు అన్ని భాషలలో వ్రాయిస్తే మోదుగయే పరసా అని, ఇప్పయే మహువా అని, నేరేడే జామున్ అని పిల్లలు ఆడుతూ నేర్చుకొంటారు. పాఠ్యపుస్తకంలోని సమైక్యతా పాఠానికి ఇది చక్కని అనుబంధం.

వేళల విషయంలో కూడా ఊరి జీవనాన్ని గమనింపవలెను. మూడు షిఫ్టులలో నడిచే పట్టణంలో అందరి ఉదయం ఒకేసారి తెల్లవారదు. రాత్రి షిఫ్టు ముగించి వచ్చినవానికి మధ్యాహ్నమే తీరిక. రెండవ షిఫ్టువానికి ఉదయం పదిగంటలే నడక వేళ. ఉదయం కొంతసేపు, సాయంకాలం కొంతసేపు తెరచి నడుమ తాళం వేసే పద్ధతి ఇట్టి ఊరికి తగదు. మిట్టమధ్యాహ్నమే నీడ విలువ తెలిసేది. చేతిబండివాడు, ఇంటిపని ముగించుకొని పోయే స్త్రీ, కట్టడపు కూలి పది నిమిషాలు కూర్చొని నీళ్లు త్రాగడానికి ద్వారం తెరచి ఉండవలెను. ప్రవేశ రుసుము ఉండరాదు.

హక్కు, బాధ్యత

వనం కొరకు అడగడం దయను కోరడం కాదు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణతో చేర్చిన పన్నెండవ షెడ్యూలులో ఉద్యానాలు, తోటలు, ఆటస్థలాలు, పట్టణ వనీకరణ పురపాలక సంస్థల విధులుగా పేర్కొనబడినవి. 1976 నాటి 42వ సవరణ ద్వారా చేరిన 51-ఎ అధికరణం అడవులను, సరస్సులను, నదులను, వన్యప్రాణులను కాపాడడం ప్రతి పౌరుని ప్రాథమిక విధిగా చెబుతున్నది. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2014లో వెలువరించిన మార్గదర్శకాలు తలకు 10 నుండి 12 చదరపు మీటర్ల బహిరంగ స్థలం ఉండడం వాంఛనీయమన్నవి. ఆ లెక్కన మన 3 ఎకరాలు 1,000 నుండి 1,200 మందికి మాత్రమే సరిపోతాయి. కాలనీకి ఒక్క వనం చాలదని, ప్రతి వార్డులో చిన్నవైనా పెక్కు కావలెనని దీనివలన తెలుస్తుంది.

బెంగుళూరులో ఉద్యానానికి కేటాయించిన స్థలాన్ని ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వడం చెల్లదని సర్వోన్నత న్యాయస్థానం 1991లో తీర్పు చెప్పినది. ఆసుపత్రి కూడా ఆరోగ్యానికే కదా అన్న వాదాన్ని న్యాయస్థానం అంగీకరింపలేదు. పటంలో ఆకుపచ్చగా గీసిన స్థలం ప్రజలందరిది. 2001లో మరొక తీర్పులో చెరువులు, కుంటలు ఇళ్ల స్థలాలుగా మార్చదగినవి కావని అదే న్యాయస్థానం స్పష్టం చేసినది. మన కాలనీ పటంలో ఏది ఉద్యానం, ఏది కుంట అని తెలుసుకొనడం అందువలన పౌరశాస్త్ర పాఠంలో మొదటి మెట్టు.

పాడైన నేల కూడా తిరిగి ప్రాణం పోసుకొంటుందనడానికి దుర్గ్ జిల్లాలోనే ఉదాహరణ ఉన్నది. ఉక్కు కర్మాగారానికి సున్నపురాయి అందించిన నందిని గనులలో పని ముగిసిన భూమిలో 2021లో వేలాది మొక్కలతో వనం పెంచే కార్యక్రమం చేపట్టారు. తెలంగాణలో 2020 నుండి గ్రామగ్రామాన పల్లె ప్రకృతి వనాలు ఏర్పాటైనవి. అయితే నాటిన రోజున తీసిన ఛాయాచిత్రం వనానికి సాక్ష్యం కాదు. మూడవ వేసవి తరువాత నిలిచిన చెట్ల లెక్కయే సాక్ష్యం.

అందువలన నిర్వహణ సంఘం నాటడానికి ముందే ఏర్పడవలెను. పురపాలక సంస్థ నుండి ఒకరు, సమీప పాఠశాల ఉపాధ్యాయుడు, పదవీ విరమణ చేసిన కార్మికులు, సగభాగం స్త్రీలు అందులో ఉండవలెను. తోటమాలికి నెలనెలా జీతం అందే ఏర్పాటు ప్రణాళికలోనే వ్రాయవలెను. ప్రతి చెట్టుకు ఒక అంకె ఇచ్చి, బడి పిల్లలు ఏడాదికి రెండుసార్లు దాని చుట్టుకొలత కొలిచి పుస్తకంలో వ్రాయవలెను. చనిపోయిన మొక్క స్థానంలో వచ్చే తొలకరికి మరొకటి నాటవలెను.

ఉపసంహారం

భిలాయి ఇనుమును కరిగించి పట్టాలు చేసి దేశానికి ఇచ్చినది. ఆ పట్టాలమీద దేశమంతా ప్రయాణం చేస్తున్నది. ఆ ఉక్కును కాచిన చేతులకు వార్ధక్యంలో ఒక చెట్టు నీడ, ఆనుకొని కూర్చునే బల్ల, పలుకరించే పొరుగువాడు లభింపజేయడం సమాజం తీర్చవలసిన ఋణం. అందుకు కోట్ల రూపాయలకంటె ముందు కావలసినవి నేలను చదివే కన్ను, వాననీటిని లెక్కకట్టే బుద్ధి, మూడు వేసవుల ఓర్పు. నేడు నాటిన ఇప్పమొక్క పూత పూసేనాటికి దానిని నాటిన వృద్ధుడు ఉండకపోవచ్చును. ఆ పూలు ఏరుకొనే పిల్లలు మాత్రం ఉంటారు.

అభ్యాసము

1. మీ పాఠశాల లేక కళాశాల ఆవరణ వైశాల్యాన్ని కొలిచి, మీ ప్రాంతపు సగటు వర్షపాతంతో గుణించి, ఏడాదికి ఎన్ని లీటర్ల వాన పడుతున్నదో లెక్కింపుడు. అందులో ఎంత నిలుస్తున్నది, ఎంత పారిపోతున్నది?

2. మీ వీధిలోని చెట్లను గుర్తించి, ఒక్కొక్కదానికి మీ తరగతిలోని విద్యార్థుల ఇండ్లలో ఏయే పేర్లు వాడుకలో ఉన్నవో పట్టిక తయారుచేయుడు.

3. వేసవి మధ్యాహ్నం రెండు గంటలకు చెట్టు నీడలోను, రోడ్డు ప్రక్కన నీడ పట్టునను ఉష్ణమాపకంతో గాలి ఉష్ణోగ్రతను కొలువుడు. ఆ తరువాత నీడలోని నేలను, ఎండలోని తారు రోడ్డును తాకి చూచి, భేదానికి కారణాలు వ్రాయుడు.

4. మీ సమీపంలోని ఉద్యానానికి వెళ్లి, వృద్ధులు, వికలాంగులు, చిన్నపిల్లలు, షిఫ్టు పనివారు అనే నలుగురి దృష్టితో దానిని పరిశీలింపుడు. మార్చవలసినవి మూడు సూచించి, పురపాలక సంస్థకు ఒక విజ్ఞప్తి వ్రాయుడు.